బూడిద రంగు కొండ

గేటు దగ్గరే ఆపేశారు.
బయటి తిండి లోపలికి రాకూడదట.
బ్రెబెస్‌లో రాత్రి పదకొండింటికి మాతో బస్సెక్కిన పన్నెండు బాతుగుడ్లు,
ఇటుక పొడి, ఉప్పు పట్టించి పదిహేను రోజులు ఊరబెట్టినవి,
పెంకు మీద మా అత్త కొట్టిన ముద్ర ఇంకా చెరగలేదు.
పారేయండి అన్నాడు టోపీ కుర్రాడు, మా మొహాలు చూడకుండా.

పారేయడానికా ఇంత దూరం మోసింది?
ఎండలో గోడవార నిలబడి
మనిషికి మూడు తిన్నాం.
లస్త్రికి రెండోదే గొంతుకి అడ్డం పడింది.
దాని మూడో గుడ్డు
మా ఆయన ఆ టోపీ కుర్రాడి చేతిలోనే పెట్టాడు.
అటూ ఇటూ చూసి వాడు జేబులో వేసుకున్నాడు.

మా ఆయన వర్సితో
ఈ కొండ కట్టిన వాళ్లలో ఒకడు.
మూడేళ్లు ఇక్కడే రేకుల షెడ్డులో పడుకున్నాడు.
ఎలా ఉంటుంది కొండ, అని అడిగితే
"బూడిద రంగు" అనేవాడు, అంతే.
రంగులు వేసేవాళ్లు రాకముందే
లెక్క తేల్చి పంపేశారు మరి.

ఇవాళ తల పైకెత్తి చూశాడు:
ఆకుపచ్చ, పైన మంచు, మంచు మీద గులాబీ వెలుగు.
"ఎవరిదో కొండలా ఉంది" అన్నాడు.

రంజాను సెలవులు. ఇసకేస్తే రాలనంత జనం.
లైను ముందుకి వెళ్తున్నట్టే ఉండి వెనక్కి మళ్లుతుంది,
మళ్లినప్పుడల్లా అవే మొహాలు ఎదురు.
ఎర్ర గొడుగావిడతో రెండో మలుపులో నవ్వుకున్నాం,
నాలుగో మలుపులో ఊళ్లు చెప్పుకున్నాం,
ఏడో మలుపుకి
ఆవిడ పెద్దకూతురి పెళ్లి ఎందుకు ఆగిందో నాకు తెలుసు.
గిలాంగ్ మాత్రం కొలబద్ద దాకా
మునివేళ్ల మీదే నడిచాడు, పిచ్చి నాగన్న.
పడవకి ఎత్తుతో పనే లేదట.

పడవ చీకట్లోకి దూరింది.
ఎర్ర దీపాల కళ్లతో రాక్షసుడు గర్జించాడు.
లస్త్రి నా చెయ్యి వదిలేసి వాళ్ల నాన్న మెడ కరుచుకుంది.
"కొండ మన మీద పడుతుందా?"
"జానెడుకో చువ్వ," అన్నాడు.
"చువ్వ మీద వల. వల మీద మూడు పూతలు.
పడదు."
లోపలంతా డొల్ల అని మాత్రం చెప్పలేదు.
నాకు చెప్పాడు, ఎప్పుడో, పక్క మీద.

మూడో మలుపులో పడవ గోడని రాసుకుంటూ పోయింది.
ఆయన చెయ్యి చాచి ఒకచోట తట్టాడు,
పాలిచ్చే గేదె వీపు తట్టినట్టు.
ఏంటది, అన్నాను.
"కర్యాదిది."

ఆ పేరు నేను ముందెప్పుడూ వినలేదు.
కానీ ఒక నెల ఆయన ఇంటికి
రెండు తాపీలతో వచ్చాడు.
రెండోదాని పిడి మీద ఇంకెవరి బొటనవేలో చేసిన పల్లం.
అటక మీద పెట్టాడు. దాంతో ఇంతవరకూ పని చెయ్యలేదు.
నేను దుమ్ము తుడుస్తుంటాను, అంతే.

బయటికొచ్చేసరికి మా ఫోటో తెర మీద ఉంది.
చీకట్లో ఎప్పుడు తీశారో!
పిల్లలూ నేనూ నోళ్లు తెరుచుకుని ముందుకి,
ఆయనొక్కడే పక్కకి, గోడ వైపు.
కొనాలంటే రెండు రోజుల కూలి.
కొత్త మొహాలు వచ్చేదాకా నిలబడి చూశాం.
తర్వాత ఎర్ర గొడుగావిడ వచ్చింది,
కళ్లు గట్టిగా మూసుకుని.

చీకటి పడ్డాక గేటు దాటుతుంటే
టోపీ తీసేసిన కుర్రాడు
గోడవార గొంతుకూర్చుని గుడ్డు ఒలుస్తున్నాడు.
పెంకులు జాగ్రత్తగా
పొద్దుటి మా పెంకుల మీదే వేస్తున్నాడు.