చిరునామా విచారణ

పద్నాలుగేళ్లు అసలు.
రెమిషన్ వడ్డీ, అసలు తీరందే
లెక్కలోకి రాదు.

పరప్పన అగ్రహార బేకరీలో బన్నులు పేరుస్తూ
గుమాస్తాను అడిగాను:
"యావజ్జీవమంటే ఎంత సార్?"
"ఫైలెంత లావుంటే అంత."
నవ్వలేదతను.

మధ్యలో పెరోల్ అర్జీ ఒకటి.
జామీనుకు చెల్లెలు మునెమ్మ వేలిముద్ర,
పక్కన నా సంతకం,
దానిమీద మైదా.

కానిస్టేబుల్ హొంగసంద్ర వెళ్లొచ్చాడట:
రేషన్ కార్డులో ఉన్న ఇల్లు వీధిలో లేదు,
మెట్రో స్తంభం ఉంది.

దాన్నైనా అడగాల్సింది సార్,
నేనొస్తే అభ్యంతరమా అని.

"ఆర్నెల్లాగి మళ్లీ పెట్టుకో."

రేపటి పిండికి ఈస్టు కలిపాను.
ములాఖత్‌లో మునెమ్మకు చెప్పాలి,
అద్దె కొంపైనా సరే
నాకున్నట్టే దానికో నెంబరుండాలని.