తుమ్మి మడి

తాడిపత్రిలో మట్టి కనపడాలంటే
బండ లేపాల.
పగలంతా ఫ్యాక్టరీలో బండలకు నునుపు పెట్టి
మాపటేళ గడ్డపలుగుతో
మా పెరట్లో నాలుగు లేపినా.
కింద ఒక జెర్రి,
ఎప్పుడో పోయిన చెవికమ్మ,
పదేండ్ల చీకటి.

విత్తనాలు కొన్నవి కావు.
యాడికి పోతివంటే యాడికే పోతినని
మా ఊళ్లో నవ్వుకునే ఆ యాడికి రోడ్డు పక్కన
కార్తీకంలో ఎండి నిలబడిన తుమ్మి చెట్లను
పాత పేపర్లో తలకిందులు చేసి దులిపితే
రాలినవి.
ఆవగింజకు తమ్ముళ్లు.
చూద్దామని మొహం దగ్గర పెట్టుకుంటే
ఊపిరికే సగం పోయినాయి.

మొదటేడు నేనే చెడగొట్టినా.
పేడెరువు వేసి, వేలెడు లోతున పూడ్చి,
పూటపూటకూ నీళ్లు పోసి.
మొలిచినవి పదకొండు.
ఆకులకే సరిపోయి, నడుము లేక
అడ్డంగా పండుకున్నాయి.
పూలు లెక్కపెడితే
ఒక చేతికి ఇంకా వేళ్లు మిగిలినాయి.
గోడ మీంచి తొంగి చూసి ఖాజాబీ,
"దానికి ఆకలి అలవాటబ్బా,
నువ్వు పెండ్లి భోజనం పెడితివే" అనింది.

రెండో ఏడు ఏమీ పెట్టలేదు.
గుప్పెడు ఇసకలో కలిపి చల్లి
అరచేత్తో అదిమినా. కప్పలేదు.
ఇంక ఏమీ చేయకుండా ఉండడమే పని.
ఆ పని నాకు రాదు.
చెంబు పట్టుకొని పోయేవాణ్ని,
కాళ్లు కడుక్కొని వచ్చేవాణ్ని.
జూన్ అంతా ఉత్త మబ్బు.
జూలై గాలి, గాలితో ఫ్యాక్టరీల తెల్ల దుమ్ము.
ఆగస్టులో కరెంటు పోయిన ఒక రాత్రి వాన.

ఆరోనాటికి రెండేసి ఆకులు.
జానెడెత్తు రాకముందే
కణుపు కణుపుకూ పచ్చటి ముళ్ల ఉండ,
దాంట్లోంచి పూలు:
పైపెదవికి నూగు,
కిందపెదవి చాపినట్టు తెల్లగా.
మా నందిత ఒకటి పెరికి
వెనక కొన చప్పరించి
"తీపుంది నాయనా" అనింది,
"రవ్వంత."
మిగతాదంతా తేనెటీగలు తిన్నాయి.

మా యమ్మ ఓబుళమ్మ
నలభై ఏండ్లు శెనక్కాయ సేన్లలో కలుపు తీసింది,
కూలి మూడు రూపాయలున్న కాలం నుంచీ.
ఈ చెట్టును పేరు పెట్టి ఎన్నడూ పిలవలేదు,
వేరు పట్టి పిలిచింది.
చెల్లెలింటి నుంచి వచ్చిన మర్నాడు
నేను డ్యూటీ దిగి వచ్చేసరికి
మడి నున్నగా ఉంది,
నేను పాలిష్ పట్టిన బండ మాదిరి.
తలలన్నీ ఒకే దిక్కు పెట్టి
కట్టలు కట్టి గోడకు ఆనించింది.
"ఎంత కలుపు పెట్టుకున్యావ్ రా పెరట్లో!
ఒక్క పూటలో తీసేసినా."
చెమట తుడుచుకుంటా
చిన్నపిల్ల మాదిరి నా మొహంలోకి చూసింది.

నేనేమీ అనలేదు. టీ పెట్టినా.
ఏడ్చింది నందిత.
"పెంచుకున్యారా?" అనింది మా యమ్మ.
"దీన్నా?"
టీ మీద మీగడ కట్టేదాకా
ఒళ్లో రెండు చేతులూ తిరగేసి చూసుకుంటా కూర్చుంది.
ఎందుకో నాకు ఆ లేపిన బండలు గుర్తొచ్చినాయి.

దీపాలు పెట్టే వేళకు తానే లేచింది.
కట్టలు విప్పి,
ఒక్కో చెట్టును తలకిందులు చేసి
మడి మీద దులిపింది.
ఎవరూ చెప్పలేదు ఎట్ల దులపాలో.
"ఊరుకో పాపా, యాడికీ పోదు.
నలభై ఏండ్లు పెరికినా,
పోయిందా ఇది?"

ఈ ఏడు మడిలో కొన్నే.
బండల సందుల్లో, నేను లేపని చోట,
బాత్రూం దారి పొడవునా మొలిచింది.
మా యమ్మ కాలు చూసి చూసి పెడతాంది.
చేయి మాత్రం అప్పుడప్పుడూ వంగుతుంది,
కొన దాకా పోయి,
ఆకు నిమిరి వస్తుంది.