ఎన్ని దినాల నుంచి?

బేతంచెర్లలో మా మందులంగడి ముందర
రెండు రకాల తెలుపు.
ఒకటి మాత్రలది.
ఇంకొకటి నాపరాళ్ల పాలిషు ఫ్యాక్టరీల నుంచి
మనుషుల కనురెప్పల మీద కూచొని వచ్చేది.

నవంబరు వస్తే చాలు
కౌంటరు కాడ దగ్గులు బారులు తీరతాయి.
చీటీ లేకున్నా సగం నాకు తెలిసిపోతాది.
మా జేజి దస్తగిరమ్మ చెప్పిన చదువు ఇది.

"చెవి పెట్టి వినల్ల మ్మే.
మూకుట్లో ఆవాలు చిట్లినట్టుంటే గొంతు ఎండింది.
కుండలో గంజి కుతకుతమన్నట్టుంటే రొమ్ములో గళ్ల ఉంది.
పిల్లోడు కుక్కపిల్ల మొరిగినట్టు దగ్గినాడా,
కషాయం పొయ్యి మీదనే ఇడిసిపెట్టి
ఆస్పత్రికి పరిగెత్తల్ల."

ముక్కు కారే పడిశానికి మాత్రం ఆమె భయపడేది కాదు.
"దానికి ఏడు దినాల పని ఉంటాది, చేసుకొని పోతాది.
మనం పక్కన కూచోవల్ల, అంతే."
కూచోవడమంటే
ఉప్పునీళ్లు పుక్కిలించడం,
మూతి చురుక్కుమనే మిరియాల చారు,
దించిన ఉడుకునీళ్ల తపేలా మీద దుప్పటి గుడారం.
గుడారంలో నేను, చెమట, గుప్పుమనే వాము.
బయట ఆమె గొంతు:
"ముక్కుతో పీల్చు, నోటితో కాదు."

"యాంటీబయాటిక్ రెండియ్యమ్మా, చాలు" అంటాడొకాయన.
"రెండుతో చాలే మందు కాదన్నా అది,
ఈ పడిశానికి పనికే రాదు" అంటే
పక్కంగడికి పోతాడు.
అక్కడిస్తారు.
ఏడో దినం తగ్గుతాది. పేరు మాత్రలకు పోతాది.
పక్కంగడాయన మొన్న కొత్త బండి కొన్నాడు.

ఊరందరి దగ్గులూ విన్న జేజి
మా జేజినాయన దగ్గు వినలేదు.
ఆయన దూదేకేవాడు.
పంచలో వింటినారి దుమ్మ్, దుమ్మ్ మంటా ఉంటే
నడుమ నడుమ దగ్గేవాడు.
నలభై ఏండ్లు ఆమెకు ఆ రెండూ ఒకటే చప్పుడు.
విల్లు అటకెక్కినాక గానీ
వట్టి దగ్గొకటి మిగిలిందని తెలీలేదు.
అప్పటికి ఆయన
తానేకిన దూదికన్నా తేలికైపోయినాడు.

ఈ సాయంత్రం మద్దిలేటి వచ్చినాడు.
పాలిషు మిషను కాడ పని.
ఎర్ర సిరప్పు, ఈ నెలలో నాలుగో సీసా.
నోట్లు లెక్కబెడతా దగ్గినాడు,
మొగం పక్కకు తిప్పి,
పరాయింట్లో తలుపు మెల్లగా మూసినట్టు.

సీసా మీద నుంచి చెయ్యి తీయలేదు నేను.
"ఎన్ని దినాల నుంచి?"
"ఇది దగ్గు కాదులే మేడమ్, దుమ్ము.
మా కాడ అందరికీ ఉంటాది."

నా చెవుల్లో వింటినారి మోగింది.

సీసా బీరువాలో పెట్టేసినాను.
చీటీ రాసినాను:
సర్కారు ఆస్పత్రి. గళ్ల పరీక్ష. ఎక్స్‌రే. పొద్దున తొమ్మిది.
"ఒక పూట కూలి పోతాది మేడమ్" అన్నాడు.
నా దగ్గర జవాబు లేదు.
చీటీ మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు,
సందు తిరిగేదాకా
మూడుసార్లు దగ్గినాడు.

రేపు ఎనిమిదిన్నరకే షట్టరు ఎత్తల్ల.
ఆస్పత్రికి దారి
మా అంగడి ముందర నుంచే.