వెనక బండి లెక్క

ఆదివారం, అయిదున్నర. బాలానగర్ పెట్రోల్ బంకు.
పదకొండు బండ్లు, పన్నెండుమంది,
ఒకే ఒక్క గాలి పైపు.
నవంబరు చలిలో మా మాటలన్నీ
సైలెన్సర్లలోంచి వచ్చినట్టు పొగలు.

ముందు నడిచేది కల్పలత. కూకట్‌పల్లిలో పళ్ల డాక్టరు.
"నా వేగం నాది కాదు" అంటుంది ప్రతిసారీ,
"మనలో చిన్న బండిది."
చిన్న బండి నౌషాద్ భాయ్‌ది, వాళ్ల అబ్బాజాన్ నాటిది,
మూడో కిక్కుకు గానీ మనసు మార్చుకోదు.

కల్పలత చెప్పే నాలుగు ముక్కలూ నాకు నోటికి వచ్చు.
పక్కపక్కన వద్దు, ఒకరు ఎడమ, ఒకరు కుడి,
గోనెసంచికి వేసే కుట్టులాగా.
గుంత కనబడితే కాలు చాపి చూపించు.
మలుపు దగ్గర ఆగు, వెనకవాడి లైటు పడ్డాకే తిరుగు.
ఔటర్ మనది కాదు, దాని కింద సర్వీసు రోడ్డు మనది.
రాత్రి తాగినవాళ్లు ఇప్పుడే చెప్పి ఇంటికెళ్లండి,
ఎవరూ ఏమీ అనరు.
(ఒకసారి ఒకతను వెళ్లాడు. నిజంగానే ఎవరూ ఏమీ అనలేదు.)

నేను చివరి బండి.
ముప్పై ఏళ్లు డిపోలో టికెట్ల లెక్క చూసినవాణ్ని,
ఇప్పుడు ఎర్ర లైట్లు లెక్కపెడతాను.
సంచిలో ట్యూబు, తాడు, దూది, అయోడిన్,
మా ఆవిడ కట్టిన పులిహోర.
నా ముందు పది ఉండాలి.
మంచులో తొమ్మిదే కనబడితే
పదోది కనబడేదాకా నాకు ఊపిరి న్యూట్రల్లో ఉంటుంది.

గండిమైసమ్మ చౌరస్తాలో పది.
దుండిగల్ దాటాక పది.
నర్సాపూర్ రోడ్డు వదిలి ఊళ్ల దారి పట్టాక
కొత్త పిల్లాడు ఎజ్రా, బొల్లారం నుంచి వచ్చినవాడు,
బండి మీద పూజ చేయించిన పూసంత గీత లేదు ఇంకా,
ఒక్కొక్కరినీ దాటుకుంటూ, చివరికి కల్పలతనీ దాటి
మంచులోకి పోయాడు.
తొమ్మిది.

మలుపు తిరిగితే సగం రోడ్డు నిండా వడ్లు.
టార్పాలిన్ అంచుకు కాపలా రాళ్లు.
బండి ఒక పక్క, వాడు ఒక పక్క,
మధ్యలో చెల్లాచెదరుగా ఒకరి ఆరునెలల కష్టం.

పరుగెత్తుకొచ్చింది బాలామణమ్మ, చేతిలో చీపురు.
"కాళ్లు చేతులు ఆడుతున్నయా బిడ్డా?"
ఆడుతున్నాయని తేలాక
అప్పుడు తిట్టింది.
బండిని, బండి కనిపెట్టినోణ్ని, నెత్తి మీది డిప్పని,
పనిలో పనిగా మా అందరినీ.

కల్పలత మోచేతికి కట్టు కట్టింది.
తక్కినవాళ్లం రోడ్డు మీద గొంతుక్కూర్చున్నాం.
హెల్మెట్లు కుంచాలైనాయి.
సాఫ్ట్‌వేరు వేళ్లు, బ్యాంకు వేళ్లు,
నౌషాద్ భాయ్ ఎక్కాల ఫ్యాక్టరీ గ్రీజు వేళ్లు
గింజకీ కంకరకీ తేడా నేర్చుకున్నాయి.
"రాయి ఏరు, వడ్లు కాదు!" అరిచిందామె నన్ను చూసి.
ముప్పై ఏళ్ల సర్వీసులో నా లెక్క తప్పని
అంత గట్టిగా ఎవరూ అనలేదు.

ఎండ ఎక్కింది. పులిహోర పదమూడు పాళ్లయింది.
నర్సాపూర్ అడవి కోతులకు ఆ రోజు
మా ముఖాలు చూసే భాగ్యం కలగలేదు.

వెనక్కి వచ్చేటప్పుడు ఎజ్రా నా ముందు బండి.
దారంతా వాడి బ్రేకు లైటు
అనవసరంగా వెలిగి ఆరుతూనే ఉంది.
బాలానగర్ దాటాక ఒక్కొక్కరూ హారన్ కొట్టి
ఎవరి గల్లీలోకి వాళ్లు.
ఏడు. నాలుగు. ఒకటి.
సున్నాకి వస్తే సంతోషించే లెక్క
నా జీవితంలో ఇదొక్కటే.

చేరాను, చేరాను అని తొమ్మిది మెసేజీలు.
కంచం ముందు ఫోను పెట్టుకుని కూర్చున్నాను.
అన్నం చల్లారాక పదోది మోగింది:
"అన్నా, హెల్మెట్లో ఇంకా వడ్లు ఉన్నాయి.
వెళ్లి ఇచ్చి రావాలా?"

లెక్కపెట్టమన్నాను.
పదిహేడట.

వచ్చే ఆదివారం అదే దారి.
ఈసారి నెమ్మదిగా.