సుళ్ళు చూడటం

హడర్స్‌ఫీల్డ్‌లో ఆదివారం పొద్దున
ఎవరిదో వాకిట్లో మోకాళ్ళ మీద కూర్చుని
ఒక బండి పొట్ట కిందికి ఫోన్ లైటు వేసి చూస్తున్నాను.

మా తాత ఎద్దుల బేరగాడు.
పెదవి ఎత్తి పళ్ళు లెక్కపెట్టేవాడట,
గిట్ట మీద కొట్టి చప్పుడు వినేవాడట,
నుదుటి సుడి ఎటు తిరిగిందో చూసి
కొనేవాణ్ణి కంటిసైగతో వెనక్కి లాగేవాడట.
నాకేం నేర్పలేదు, ఆడపిల్లకి సంతలో ఏం పని?
అయినా ఈ చలిలో నా చెయ్యి దానంతటదే
చక్రం పైవంపు లోపల తడుముతోంది,
రోడ్ల మీద చల్లిన ఉప్పు
ఎక్కడ ఇనుమును కొరికిందోనని.

బానెట్ మీద అరచెయ్యి పెట్టాను.
చల్లగా ఉంది.
ముందే వేడి చేసి దగ్గు దాచలేదన్నమాట.
"స్టార్ట్ చేసిన మొదటి మూడు క్షణాలే విను,
తర్వాత ప్రతి బండీ మంచిదే"
అన్నాడు మెకానిక్ ఇమ్రాన్.
విన్నాను. గొంతు సవరించుకుంది, అంతే.

క్లైవ్ ఆర్మిటేజ్, స్కూలు బస్సు నడిపి మానేసినాయన,
ధర చెప్పమంటే వంశవృక్షం ఎత్తుకున్నాడు.
మొదటిది బిస్కెట్ డబ్బాలా ఉండేదట,
వెనక తలుపుకి స్పేర్ చక్రం,
వీపున పిల్లని కట్టుకున్నట్టు.
మలుపులో ఒరిగేదట, గాలికి ఈల వేసేదట.
రెండోది అరగదీసిన సబ్బుబిళ్ళ;
చక్రం సిగ్గుపడి అడుగున దాక్కుంది.
మూడోది ఇదిగో, అరవైమూడో ప్లేటు.
నాలుగోది అల్లుడు కొన్నాడు:
పళ్ళెమంత తెర, ఒక్క మీట లేదు,
గ్లవుజు వేసుకుంటే హీటరు కూడా మాట వినదు.

ఒకటే పేరు, నాలుగు ఒళ్ళు.
వచ్చిన ప్రతిసారీ బెత్తెడు పొడుగు, నాలుగు వేళ్ళ వెడల్పు.
కాగితం మీద మాత్రం ఇంకా "చిన్న కుటుంబ వాహనం".
మా పిన్ని కూడా నన్ను ఇంకా
సన్నగా ఉండే పిల్ల అనే చెబుతుంది అందరికీ.

నాకు ఈ మూడోదే నచ్చింది.
తిప్పితే తిరిగే మీటలు,
ఎక్కడానికి ఎగరక్కర్లేని, దిగడానికి వంగక్కర్లేని సీటు.
షోరూము వాసనకి ఎవరో ఎప్పుడో డబ్బు కట్టేశారు,
నాకు మిగిలింది ఒట్టి బండి.
వెనక సీటులో పిల్లల కుర్చీల గుంటలు రెండు,
కిటికీకి పీకేసిన బొమ్మ జిగురు,
డిక్కీ కుట్లలో ఏ సముద్రానిదో ఇసుక.

సర్వీసు పుస్తకం తిప్పాను.
ఏటా ఒక ముద్ర, ఎర్రసిరా, వరసగా.
రెండువేల ఇరవైలో ఖాళీ.
ఇదిగో సుడి, అనుకున్నాను.
మూడొందలు తగ్గించడానికి
అద్దం ముందు సాధన చేసి వచ్చాను మరి.

"ఆ ఏడు రెండొందల పన్నెండు మైళ్ళే తిరిగింది,"
అన్నాడు, పుస్తకం కేసి చూడకుండా.
"ఆసుపత్రి దాకా. గేటు దాకా.
లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు.
కారులోంచి మూడో అంతస్తు కిటికీ కనబడేది.
బాగా ఎత్తుగా ఉంటుంది కదా ఈ సీటు."

నేను పుస్తకం మూశాను.

అయినా రెండొందలు తగ్గించమన్నాను.
అబద్ధం ఎందుకు, తాత రక్తం.
సంతలో తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని
బేరం చేస్తారు కదా, బయటివాళ్ళకి అంకె తెలియకుండా,
అలా పట్టుకున్నాడు నా చెయ్యి,
ఒప్పుకున్నాడో కాదో కాసేపు నాకూ తెలియలేదు.

తాళం నాది.
అద్దంలో పైకప్పు తప్ప ఏమీ లేదు,
ఆయన ఎత్తుకి సర్దింది.
కిందికి వంచుతుంటే వెనక నుంచి హంసిని అడిగింది,
"అమ్మా, ఈ ఇసుక పారబొయ్యాలా?"

కొండ రోడ్డు, రెండో గేరు.
ఇంకా జవాబు చెప్పలేదు.