ఎనభై ఆరు

"మూత తియ్యకు," అన్నాను. ఖుదోయోర్ తీశాడు.
ఆవిరి వాడి టోపీని ఎగరేసుకుపోయి
రాళ్ళలో పారేసింది.

నీరు నూరు డిగ్రీలకు మరుగుతుందని
ముప్పై ఏళ్ళు ముర్గాబ్ బళ్ళో చెప్పాను.
ఈ కనుమ మీద ఎనభై ఆరుకే దానికి తొందర.
ఈ పాత ఉవాజ్ నా పాఠం ఎప్పుడూ వినలేదు.

గొట్టం పగల్లేదు. పంపు కారట్లేదు.
ఇంజను కుతకుతలాడుతోంది,
రేడియేటరేమో ఏటిరాయిలా చల్లగా.
మధ్యలో ఎవరో తలుపేసుకున్నారు.

పదమూడో నంబరు స్పానరు లేదు.
పద్నాలుగులో రేకుముక్క దూర్చి
రెండు బోల్టులూ ఊడదీశాను.
గుప్పెట్లో పట్టే ఇత్తడి థర్మోస్టాట్‌ను
టీ కెటిల్లో వేసి స్టవ్ వెలిగించాం.
నీళ్ళు తెర్లాయి. అది నోరు విప్పలేదు.
"అచ్చం మా మావగారే, టీచరమ్మా!"

దాని చోటు ఖాళీగానే వదిలేశాను.
సైకిలు ట్యూబు కోసి గాస్కెట్ చేశాను.
వాగునీళ్ళు తన మేజోడులో వడగట్టి పోశాడు వాడు.
ముల్లు డెబ్బై దాకా పాకి
అక్కడే కూచుంది.

అదే కెటిల్లో టీ. తుప్పు రుచి.
రెండో కప్పూ తాగాను.

ఇంజను ఇక వేడెక్కదు,
హీటరూ అంతే.
చీకటి పడ్డాక ఖుదోయోర్
ఉన్న ఒక్క దుప్పటీ
మాట్లాడకుండా నా వైపు తోశాడు.