పలచని జిగురు

షాంషుయ్ పోలో పదకొండో అంతస్తు.
కిటికీ కొక్కేనికి రెండు లీటర్ల సంచీ,
కింద బల్లమీద సగం విప్పిన కొండల బొమ్మ.

మౌ సెక్-హిన్ గారు రోజుకు నాలుగుసార్లు
పొట్టలోకి తీపినీళ్లు దింపుకుంటారు.
నాలుగైదు గంటలు మోస్తారు,
వంచేస్తారు.
తొమ్మిదేళ్లుగా అంతే.
"ఇరవై ఆరు వేల లీటర్లమ్మాయ్,
వీధి చివరి ఈతకొలనులో పిల్లల వైపు నిండుతుంది,"
అని లెక్క చెప్పి, కుంచె కడుక్కుంటారు.

నేను డాక్టర్ని కాను.
వాడేసిన నీళ్లు మా ప్రయోగశాలకిచ్చే
పన్నెండుమందిలో ఆయనొకరు,
సీసా పట్టుకెళ్లడానికి వస్తాను.
మిగతా రోజులు ఎలుకల ఉదరపొరను
వెంట్రుకకన్నా సన్నగా కోసి
గాజుమీద పరిచి రంగులద్దుతాను.
మచ్చ కట్టిన చోటల్లా నీలం పట్టుకుంటుంది.
ఆరోగ్యంగా ఉన్న పొర, పెన్సిలుతో గీసినంత గీత.
తీపినీళ్లలో నానీ నానీ బిరుసెక్కింది మాత్రం
ఇంకు ఒలికిన చొక్కా జేబు.

ఏ నీళ్లు బతికిస్తున్నాయో
ఆ నీళ్లే పొరను తోలు చేస్తున్నాయి.
ఆయనకిది నేను చెప్పనక్కర్లేదు.
ఈమధ్య పొద్దుటి సంచీ నిండడం లేదు,
చీలమండలు సాయంత్రానికి ఉబ్బుతున్నాయి.

మార్చిలో ఒక కాగితం పొట్లం తెరిచి చూపించారు:
వోంగ్ కేయ్ వేరు, గాన్సు కొండలది,
నాలుక గీసుకునే బద్దల్లా నిలువుగా కోసి, మధ్యలో పసుపు,
పచ్చి శనగల వాసన.
"మా ఆవిడ కోడితో కలిపి మరగబెట్టేది.
పొటాషియమని ఆసుపత్రివాళ్లు మాన్పించారు.
మీ ఎలుకలకు ఇదే పోస్తున్నారటగా?
ఎలా ఉన్నాయవి?"

ఇదే కాదండీ, అన్నాను.
ఇందులోంచి ఒక్క పదార్థాన్ని విడదీశాం,
తెల్లని పొడి, ఏ వాసనా లేదు.
నీలం తగ్గింది.
కొన్నిటిలో తగ్గింది.
అవి ఐదు వారాలపాటే తీపినీళ్లు మోసిన ఎలుకలు.
ఐదు వారాల ఒడ్డునుంచి తొమ్మిదేళ్ల ఒడ్డుకు
ఇంకా ఏ ఫెర్రీ తిరగడం లేదు.

ఆయన పొట్లం మడిచేశారు, నాలుగు మూలలూ కలిసేలా.
తర్వాత చాలాసేపు బొమ్మ వెనక కాగితాన్ని
తడి గుడ్డతో అద్దుతూ కూర్చున్నారు.
ఎవరో పాత పనివాడు చిక్కని జిగురు పులిమాడట,
బొమ్మ చుట్టబోతే విరిగేంత బిరుసు.
"వీడికి భయం," అన్నారు.
"ఊడిపోతుందేమోనని భయపడ్డవాడే గట్టిగా అంటిస్తాడు.
వందేళ్లకొకసారి దీన్ని ఇంకొకడు విప్పాలి కదా,
వాడి చేతులు తలుచుకుని కలపాలి జిగురు."

మీ పొర కూడా అంతేనేమో, అనబోయి ఊరుకున్నాను.
రోగి చేతిపనిలోంచి పోలిక దొంగిలించడం
నాకు మర్యాద అనిపించలేదు.
ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి
ఆ మర్యాదా పోయింది.

జూన్‌లో ఆయన్ని రక్తం కడిగే యంత్రానికి మార్చారు.
ఎడమ ముంజేతిలో నరం కలిపి కుట్టారు,
వేలు పెడితే తుమ్మెదలా జుమ్మంటుంది.
కుంచె కుడిచేతిది, అదొక్కటే అడిగారట సర్జన్‌ని.
చివరి సీసా ఇచ్చిన రోజు
దానితోపాటు ఒక జాడీ చేతిలో పెట్టారు:
ఎనిమిదేళ్లు మాగబెట్టిన గోధుమ జిగురు.
"బలమంతా పోయేదాకా ఆగాలి.
అప్పుడే పనికొస్తుంది."

మా ఫ్రిజ్‌లో ఇప్పుడు
తెల్లపొడి సీసాల పక్కన ఆ జాడీ ఉంది.
తినేది కాదు, పారేయకండి,
అని చీటీ అంటించాను.
రెండుసార్లు ఊడిపోయింది చీటీ.
మళ్లీ అదే జిగురుతో
అంటించాను.